రాజుగారి రంగు

యుద్ధంలో జపాను వాళ్లు సయాం రైలు పనికి పట్టుకుపోగా తిరిగిరాని కూలీల పేర్లు చెక్కిన రాతిని ఆ రోజు మా రాజు, సుల్తాను గారు ఆవిష్కరిస్తున్నారు. గేటు దగ్గరే మా అమ్మని ఆపేశారు. ఆవిడ పసుపు చీర కట్టుకొచ్చింది.

"సుల్తాను గారి ముందు ఆ రంగు వాళ్లింటి వాళ్లే కట్టాలి కదమ్మా. మీకు తెలియనిదా?" అన్నాడు ఉద్యోగి, మర్యాదగానే.

తెలియకేం. పొద్దున దీపం పెట్టినప్పటి నుంచీ బతిమాలుతూనే ఉన్నాను. తెల్ల చీర సంచిలో తెచ్చాను కూడా.

"ఆ గదిలోకెళ్లి మార్చుకోవే అమ్మా. గంటసేపేగా. తక్కిన ముసలమ్మలంతా తెల్లవే కట్టారు."

"ఆళ్లు మొగుళ్లు పోయినోళ్లు, కట్టారు. నానెందుకు కడతానే?"

"యాభై ఏళ్లయిందే."

"అయితే ఏటి? పోయాడని ఒక్క కాగితం వచ్చిందా?"

లోపల బ్యాండు మొదలైంది. విసుగొచ్చి చీర ఆవిడ చేతిలో కుక్కాను. ఆవిడ మడత విప్పకుండానే తిరిగిచ్చింది.

"నానొచ్చింది సుల్తాను కోసం కాదే. ఆ రాతి మీద మీ నాన్న పేరు లేదని చూసుకుందామని. నువ్వే ఎల్లి చూసిరా."

చీర మళ్లీ సంచిలో పెట్టాను. రాయి పెట్టించిన సంఘం వాళ్లకి ఆ పేరు రాసిచ్చింది నేనే.