సగం ఎరుపు

"ఇది మా కంపెనీ గుర్తే. కాదనకు," అన్నాడు జయరావు, కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి.

"మీదేనండి," అన్నాడు కోటేష్.

గుంటూరులో ఎర్రకొమ్మ సీడ్స్ ఆఫీసు అది. జయరావు అక్కడ మేనేజరు. కోటేష్ పర్చూరు కుర్రాడు, నెట్ సెంటర్లో పని. లారీ నడిపే వీడియో గేమ్ ఒకటుంది. ఆడేవాళ్లు సొంతంగా రోడ్లు గీసి అందులో చేర్చుకోవచ్చు. కోటేష్ రెండేళ్లు కూర్చుని, పర్చూరు నుంచి గుంటూరు మిర్చి యార్డు దాకా రోడ్డంతా గీశాడు. ఊరి చివర గోడ మీద ఎర్రకొమ్మ వారి మిరపకాయ గుర్తు కూడా వేశాడు. అది చూసి హైదరాబాదులో గేములు చేసే కంపెనీ ఒకటి ఉద్యోగం ఇస్తానంది. కాకపోతే ఒకరి గుర్తు అడక్కుండా వాడితే కోర్టుకు లాగుతారు కాబట్టి, సోమవారంలోగా అనుమతి కాగితమైనా తెమ్మంది, గోడైనా తీసెయ్యమంది.

జయరావు చెడ్డవాడేం కాదు. లారీని తనే నాలుగు మలుపులు తిప్పి ముచ్చటపడ్డాడు.

"భలే గీశావయ్యా. గోడకి నిచ్చెన, పక్కన రంగు డబ్బా. ఇంతా పెట్టి మనిషిని మరిచిపోయావే?"

"మరిచిపోలేదండి. గీయబోతే చెయ్యి ఆడలేదు."

"సర్లే, అనుమతి ఇస్తాను. మాకూ ప్రచారమే. కానీ ఈ మిరపకాయేంటి, పైన సగం ఎరుపు, కింద సగం వట్టి సున్నం? రిజిస్టరైన గుర్తు బాబూ. వాడితే ఉన్నదున్నట్టు వాడాలి. ఆ సగం కూడా ఎరుపు నింపు, సంతకం పెట్టేస్తాను. అయిదు నిమిషాల పని."

కోటేష్ మౌస్ పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. తర్వాత వదిలేశాడు.

"నింపలేనండి."

"పోనీ గోడే తీసెయ్."

"తీయలేనండి."

"ఉద్యోగం పోతుందిరా అబ్బాయ్."

"తెలుసండి."

మిరపకాయల తొడిమలు తీసి తీసి మండే చేతులతో వాళ్లమ్మ, కొడుక్కి ఉద్యోగం వచ్చిందని అప్పుడే వీధంతా చెప్పుకుంది. ఇంటికెళ్లి ఆవిడ మొహం ఎలా చూడాలో వాడికి తెలియలేదు.

జయరావుకు ఒళ్లు మండింది. "చేతికందింది నోటికందకుండా చేసుకుంటున్నావు. ఎందుకింత పంతం? మా గోడలేవీ ఇలా సగంలో ఉండవు."

"మా ఊళ్లో ఒకటుందండి. ఆరేళ్లుగా అలాగే ఉంది."

"అయితే ఎవడో పనిదొంగ పెయింటర్, సగంలో ఎగ్గొట్టి పోయుంటాడు. వాడి బద్ధకానికి నువ్వు గుడి కడతావా?" అంటూ సంతకం పెట్టబోయిన కాగితాన్ని రెండు ముక్కలు చేసి బుట్టలో పడేశాడు.

కోటేష్ తను తెచ్చిన గేమ్ సీడీని కంప్యూటర్లోంచి తీసి సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఎగ్గొట్టలేదండి," అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

"ఎరుపు అక్కడిదాకా వచ్చేసరికి, నిచ్చెన జారి మా నాన్న పోయాడండి."