చెప్పకుండా వచ్చేవాళ్లు

జైలు వంటగదిలో రామాంజులు గరిటెడు పప్పు నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"శానా బాగుంది. మా ఇంట్లో కూడా ఇట్ల చేయరు."

ఆయన జైలు సందర్శకుల బోర్డు అధ్యక్షుడు. జైలువాళ్ల అదుపులో లేని పెద్దమనుషుల బోర్డు అది. ఖైదీల తిండీ నీళ్లూ ఎలా ఉన్నాయో చెప్పకుండా వచ్చి చూడటం వాళ్ల పని. కారు మాట్లాడటం, వాళ్ల టిఫిన్లు చూసుకోవడం, వాళ్లు చెప్పింది రాసిపెట్టడం బోర్డు గుమాస్తా నౌషీన్ పని. ఆమెకు పెళ్లై నెల. గోరింటాకు ఇంకా పోని చేత్తో "పప్పు రుచిగా ఉంది" అని రాసుకుంది. అంతకు మించి ఆ బుర్రల్లోంచి ఏమీ రాలదని ఆమెకు తెలుసు.

నబీ రసూల్ ఇంకో సభ్యుడు. ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారి. గోడకు కొట్టిన పచ్చి సున్నం చొక్కాకు అంటకుండా జరిగి నిలబడి, ఒక ఖైదీని పలకరించాడు.

"ఏమప్పా, కూడు బాగా పెడతాండారా?"

"మీరొస్తారన్న రోజు బాగా పెడతారు సార్. గుడ్డు గూడా ఏస్తారు. తక్కిన రోజులు..."

నబీ రసూల్ అప్పటికే ఇటు తిరిగాడు. "చూసినారా, మనమంటే ఎంత భయమో."

రామాంజులుకు మాత్రం ఆ సున్నం మీద అనుమానం వచ్చింది. కారు దగ్గర గొంతు పెంచాడు.

"మనమొస్తాండామని ముందే ఎవరో ఉప్పందిస్తాండారు. దొరికితే ఆ పొద్దే ఉద్యోగం పీకేస్తా. ఎవరంటావు పాపా?"

"తెలీదు సార్," అంది నౌషీన్. నిన్న జైలర్‌కు ఫోన్ చేసింది ఆమే. "జమ్మలమడుగులో ఉగ్గానీ బజ్జీ చెప్పి పెట్టినా. చల్లారిపోతాది."

అధ్యక్షుడు అనుమానాన్ని అక్కడే వదిలేసి కారెక్కాడు.

సాయంత్రం ప్రొద్దుటూరులో ఆమె భర్త ఉమైర్ బండి మీద ఎదురుచూస్తున్నాడు. కలమల్ల కరెంటు ప్లాంటులో షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. జేబులో మూర మల్లెపూలు కొంచెం నలిగాయి. ఆ నలిగిన పూలకే నౌషీన్ ముఖం వెలిగిపోయింది.

"ఒక్క నిమిషం ఉండండి," అని ఫోన్ తీసింది.

"జైలర్ సారూ, శుక్రవారం మళ్లా వస్తామంటాండారు. వస్తే వస్తారు, లేకుంటే లేదు. పెద్దోళ్ల సంగతి మీకు తెలీందేముంది? నా పేరు మాత్రం చెప్పద్దండి."

ఉమైర్ ముఖం మాడ్చుకున్నాడు. "ఆ జైలరోనికి ఈ ఊడిగమేంది నౌషీన్? తెలిస్తే ఉన్న ఉద్యోగం ఊడుతాది. తనిఖీ చేసేదే వీళ్లు. దానికీ నువ్వే అడ్డం పడితే లోపలున్నోళ్ల గతేంది?"

పూలు జడలో తురుముకుని, అతని భుజం మీద చేయి వేసి నౌషీన్ బండెక్కింది.

"ఈ మహానుభావులు మళ్లా కదిలేది మూణ్ణెల్లకు, వాళ్లొస్తాండారని నేను ఫోన్ చేసేది మాత్రం ప్రతి వారం."