ఎర్ర ద్వారం

"తొమ్మిదికల్లా ఖాళీ చేయమన్నాం కదండీ, తాతగారూ." వార్డు ఆఫీసు ఉద్యోగి నివా నడుం వంచి మరీ చెప్పాడు. వెనక ముగ్గురు కూలీలు గునపాలు పట్టుకుని నిలబడ్డారు.

ఒసాకాలో ఓ ఫ్లైఓవర్ కింద నీలం పట్టాల గుడిసె. బయట మంచు. లోపల ముసలి కత్సుజి భార్య ఫుసాయె మూడు రోజులుగా జ్వరంతో మూలుగుతోంది.

"రెండు రోజులు ఆగు బాబూ. దీన్ని ఈ చలిలో లేపితే పోతుంది," అన్నాడు కత్సుజి.

"చాలా బాధగా ఉందండీ. ఎవరూ పడుకోకుండా ఇక్కడ రాళ్లు పాతాలి."

"పోనీ పార్కుకి పోదామంటే ప్రతి బెంచీకీ నడిమధ్య ఇనప కడ్డీ బిగించారు. ముసలాళ్లు నడుం వాలిస్తే ఊరికి మైలా?"

"అది చెయ్యి ఆనించుకోడానికండీ."

"ఎన్ని చేతులయ్యా మీకు?"

ఓ కూలీ నవ్వాపుకున్నాడు. నివా నవ్వలేదు. "కానివ్వండి," అన్నాడు.

కత్సుజి గుడిసె ముందున్న గోనెపట్టా లాగేశాడు. మోకాలెత్తు తోరీ. రెండు నిలువు కర్రలు, పైన రెండు అడ్డకర్రలు, గుడి ముందుండే ద్వారమే చిన్నదై నిలబడ్డట్టు. ఎర్రరంగు ఇంకా ఆరలేదు.

మికామి అనే కూలీ ఎత్తిన గునపం దించేశాడు. గోడ మూల ఇలాంటిదొకటి పెడితే తప్పతాగినవాడు కూడా అక్కడ ఉచ్చ పొయ్యడు.

"పొద్దున్నే నువ్వే చేశావు కదూ, తాతా?"

"ఎవడు చేస్తే నీకెందుకు? పీకు చూద్దాం."

మికామి హెల్మెట్ తీసి, గుడిలో మొక్కినట్టు రెండు చప్పట్లు కొట్టి, తల వంచాడు. "నా వల్ల కాదు సార్. ఇంట్లో నా పెళ్లానికి నెలలు నిండాయి. మీరే పీకండి."

నివా గునపం ముట్టుకోలేదు. పక్కకెళ్లి పెద్ద ఆఫీసరుకి ఫోన్ చేశాడు. కనబడని ఆ మనిషికి పదిసార్లు వంగాడు. తిరిగొచ్చాడు.

"రాళ్లు పాతం. ఈ గుడిసెలో ఒక్క చెక్క కూడా కదపం."

కత్సుజి లోపలికి పాక్కుంటూ వెళ్లి ఫుసాయె చెయ్యి పట్టుకున్నాడు. "గెలిచామే," అన్నాడు. ఆమె కళ్లు తెరిచింది.

బయట సుత్తుల చప్పుడు. తొంగి చూశాడు. గుడిసె చుట్టూ కంచె దిగుతోంది.

"ఇదేంటయ్యా?"

నివా తోరీ ముందు రెండు చప్పట్లు కొట్టి, ఈసారి ఇంకా కిందికి వంగాడు.

"ఆవిణ్ణి తీసుకుని బయటికి రండి, తాతగారూ. దేవుడి చోట మనుషులు పడుకోకూడదు."