ఎడమ చక్రం

వెనక ధడేలుమన్న చప్పుడుకు పోలిరాజు జీపు బ్రేకు మీద నిలబడిపోయాడు. అప్పటికే ఆలస్యమైంది. దీవి కొసనున్న చిడియాటాపు బీచీకి పోయే దారిలో దిగుడు మలుపు దగ్గర, జీపు వెనక తగిలించిన క్యాంపు ట్రాలీ ఎడమ చక్రం తాగినవాడిలా ఊగింది. బండి కొండరాయిని కొట్టుకుని పక్కకు ఒరిగిపోయింది. లోపల అతని భార్య గురువమ్మ వంటగిన్నెలు పట్టుకుని కూర్చుని ఉంది.

తలుపు పీకి ఆమెను బయటికి లాగాడు. మోచేతి కింద ఎముక తోలు చీల్చుకుని కనబడుతోంది. చీర కొంగంతా నెత్తురే. రోడ్డు పనివాళ్లు పరుగెత్తుకొచ్చారు. వాళ్లు ఆమెను జీపులోకి ఎక్కిస్తుంటే, ట్రాలీని వదలగొడుతూ పోలిరాజు ఎడమ చక్రం వైపు చూశాడు. ఐదు నట్లూ వదులు. ఒకదాన్ని వేలితో తాకితే కదిలింది. పొద్దున్న బయలుదేరే ముందు వాటన్నిటినీ పానా మీద నిలబడి మరీ బిగించి, చద్దన్నం తినడానికి లోపలికి వెళ్లాడు తను. ఆ కాసేపట్లోనే ఎవడో వదులు చేసి ఉండాలి.

"సూరయ్యగాడే," అన్నాడు పళ్లు కొరుకుతూ.

సూరయ్య గురువమ్మకు స్వయానా తమ్ముడు. గోల్ ఘర్‌లో గ్యారేజీ మెకానిక్కు. పడవ మానేసి ఒడ్డు మీద బతుకు వెతుక్కున్న పోలిరాజుకు ఆ ట్రాలీ కట్టిపెట్టింది అతనే. లోపల ఇద్దరు పడుకునే మంచం, వెనక తలుపు తీస్తే వంటిల్లు. టూరిస్టులను అడవి అంచు బీచుల్లో దింపి వండిపెట్టడం భార్యాభర్తల పని. రాళ్ల దారిలో అడుగు తగలకుండా పాత తుక్కు జీపు ఇరుసు వేసి, కమాన్‌కట్టలు పెట్టి, బండిని ఎత్తు చేశాడు సూరయ్య. వాన కారితే పోలిరాజు పడవలకు పూసే కీలు, అదే తారు, పూసి ఆపాడు. బండి ఊగితే సూరయ్య నీళ్ల ట్యాంకు ముందుకు జరిపి ఆపాడు. అంతవరకూ బాగానే ఉంది.

బండి తయారైన రోజే చెడింది. పోతున్న ట్రాలీలో మనిషి కూర్చోకూడదని, అందులోనూ తన అక్క అసలే కూర్చోకూడదని సూరయ్య అడ్డం తిరిగాడు. సముద్రాన్నే చూసినవాణ్ని, నాకు బండి నేర్పుతావా అని పోలిరాజు అబర్డీన్ బజార్‌లో పదిమంది ముందు చెంప పగలగొట్టాడు. ఏదో ఒకనాడు బోల్తా పడతాదని చెప్పి వెళ్లిపోయిన సూరయ్య, మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆ మాటే ఇప్పుడు పోలిరాజు చెవుల్లో గింగురుమంటోంది.

పడవవాడికి ఒక అలవాటు ఉంటుంది. ఇంజను అదురుకు బోల్టులు వదులవుతాయి కనుక, లంగరు ఎత్తేముందు అన్నిటినీ ఓసారి కుడికి తిప్పి బిగిస్తాడు. పోలిరాజు ట్రాలీకీ అదే చేసేవాడు. రోజూ పొద్దున్నే నట్టుకు పానా తగిలించి, దాని మీద కాలు పెట్టి, ఒంటి బరువంతా వేసేవాడు. కుడి చక్రం నట్లు రాయిలా ఉండేవి. ఎడమవి మాత్రం కిర్రుమంటూ కాస్త తిరిగేవి. నిన్న బిగించిన నట్టు ఇవాళ ఎందుకు తిరగాలి? ఇంటి ముందు నిలిపిన బండికి ఎడమ పక్క సందు ఉంది కాబట్టి, ఎవడో రాత్రిళ్లు వచ్చి వదులు చేసిపోతున్నాడని నమ్మాడు. ఒక రాత్రి ట్రాలీలోనే కాపలా పడుకున్నాడు. అయినా తెల్లారి నట్టు తిరిగింది. కునుకు పట్టిన కాసేపట్లోనే దొంగవెధవ వచ్చిపోయాడని తిట్టుకున్నాడు తప్ప, ఇంకో ఆలోచన ఆ బుర్రలోకి రాలేదు.

ఆసుపత్రిలో గురువమ్మ మంచి చేత్తో మొగుడి చొక్కా పట్టుకుంది. అతని కళ్లలో ఏముందో ఆమెకు తెలుసు.

"నా తమ్ముడు అలాటోడు కాడు. ఆణ్ని ఏటీ సెయ్యకు."

పోలిరాజు చొక్కా విడిపించుకుని గోల్ ఘర్ వెళ్లాడు, చేతిలో చక్రాల పానాతో.

సూరయ్య లారీ బానెట్ కింద వంగి ఉన్నాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. వెనక్కి తిరిగేసరికి రెండోది మూతి మీద పడింది. పళ్లు రాలాయి. కింద పడినవాణ్ని పోలిరాజు డొక్కలో తన్నాడు. నట్లు ఇప్పేసి తోడబుట్టినదాన్నే సంపబోయావు కదరా అని మళ్లీ తన్నాడు.

సూరయ్య నెత్తురు ఉమ్మి, అర్థంకానట్టు చూశాడు. అంతలో అతని ముఖం మారిపోయింది.

"బావా... నట్లు ఎటేపు తిప్పినావు?"

అది వెక్కిరింపే అనుకున్నాడు పోలిరాజు. ఒళ్లు భగ్గున మండింది. సూరయ్య కుడిచేతిని ఇనుప దిమ్మ మీదికి లాగి, మణికట్టు మీద మోకాలు వేసి తొక్కిపట్టాడు.

"ఈ సేత్తోనే కదరా ఇప్పినావు."

పానా దిగింది. మళ్లీ దిగింది. వేళ్లు నలిగిన చప్పుడు సూరయ్య కేకలో కలిసిపోయింది. "ఛోడో భయ్యా, మర్ జాయేగా," వదిలెయ్యి, చచ్చిపోతాడని అరుస్తూ గ్యారేజీవాళ్లు మీదపడి లాగేదాకా అతను ఆగలేదు. ఆ చెయ్యి ఇక పానా పట్టదని చూసినవాళ్లందరికీ తెలిసిపోయింది.

పోలిరాజుకు జాలి కలగలేదు. గుండె మీది బండరాయి దిగినట్టే ఉంది. పోలీసులు వచ్చేలోగా బండిని ఇంటికి చేరిస్తే చాలనుకుని తిరిగి మలుపు దగ్గరికి వెళ్లాడు. రోడ్డు పనివాళ్లు ట్రాలీని లేపి నిలబెట్టి ఉంచారు. ఇక వచ్చి విప్పేవాడు లేడు. ఇవాళ బిగిస్తే జన్మలో వదులు కాదు.

ఎడమ చక్రం ముందు గొంతుక్కూర్చుని, నెత్తురంటిన పానాను చొక్కాకు తుడిచి, నట్టుకు తగిలించి కుడికి తిప్పాడు. బిగియలేదు. ఇంకో చుట్టు కుడికే తిప్పాడు. ఇంకొకటి.

నట్టు ఊడి అతని అరచేతిలో పడింది. బయటపడిన బోల్టు మర తిరగబడి ఉంది, ఎడమకు తిప్పితేనే బిగిసేలా.