కిటికీ కింద కారు

ఉదయం పదికే ఎండ మండిపోతోంది. అర్జునరావు రెండు ట్రిప్పులు వదులుకుని, ఏసీ పనిచేయని క్యాబును గాజువాక షెడ్డుకు తెచ్చాడు.

మెకానిక్ గేజీ పెట్టి చూశాడు. "గేస్ ఉంది బావా. కంప్రెసరూ తిరుగుతంది. లోపలికి గాలే రాట్లేదు. అందాకా కస్టమర్లకి ఇసనకర్రలియ్యి."

"ఈ ఏసీతో నాకు రెండు బాధలు," అన్నాడు అర్జునరావు. "మా పాపకి ఈ సల్లగాలి పడక దగ్గొత్తందని నెల్లాళ్ళుగా కారెక్కించట్లేదు. ఇంట్లో కిటికీలన్నీ తీయించి, సముద్రం గాలి తగలనిత్తన్నాం. అయినా తగ్గనేదు."

మెకానిక్ డాష్‌బోర్డు కింద నుంచి, బయటి గాలిని వడపోసే ఫిల్టరు లాగాడు. తెల్లగా ఉండాల్సింది నల్లగా ఉంది. నేలకేసి కొడితే బొగ్గుపొడి రాలింది.

"ఇది మార్చి రెండేళ్ళయిందేటి?"

"రెండు నెలలే."

"కారెక్కడ పెడతావు, బొగ్గుగుట్ట మీదా?" మెకానిక్ నవ్వాడు.

"బొగ్గు యార్డు ఎనకాల. మా కిటికీ కిందే."

మెకానిక్ నవ్వు ఆపాడు. అర్జునరావు ఇంటికి ఫోన్ చేసి కిటికీలు మూసేయమన్నాడు.

కొత్త ఫిల్టరు వేయగానే చల్లగాలి వచ్చింది.

మర్నాడు ఉదయం ఐదున్నరకు అతను కూతుర్ని కారెక్కించి, అద్దాలు బిగించి, ఏసీ వేసి, అత్తవారి ఊరు బయల్దేరాడు.