గీత దాటే స్కూటర్

"ఎర్ర స్కూటర్ ఆయనా, ముందు చక్రం గీత దాటింది. వెనక్కి జరగండి."

కూడలి స్తంభం మీది మైకులోంచి ఆడగొంతు ఖంగుమంది. ఎక్కడో గదిలో కూర్చుని, కెమెరాల్లో ఊళ్ళోని కూడళ్ళన్నీ కనిపెట్టి చూసే ఉద్యోగిని గొంతు అది. గొడుగు కింద నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ గిరుక్కున తిరిగి చూశాడు. మళ్ళీ ఇతనే.

కొద్దిరోజులుగా ఇదే తంతు. ఎర్రలైటు పడగానే అందరూ బుద్ధిగా గీత వెనక ఆగుతారు. ఈ మహానుభావుడు మాత్రం చక్రాన్ని జానెడు ముందుకు తోసి, ఫొటో తీయించుకునేవాడిలా కెమెరా వైపు తలెత్తుతాడు. అది చూసి పెద్దాఫీసరు నిన్న ఫోన్లో కానిస్టేబుల్‌ని వాయించేశాడు. ఇంకొక్కసారి ఆ స్కూటర్ గీత దాటితే నిన్ను బైపాసు మీద నిలబెడతానన్నాడు. అక్కడ నీడన్నది లేదు. మోకాళ్ళ నొప్పుల మనిషికి ఆ మాట తలచుకుంటేనే చెమటలు పట్టాయి.

గబగబా వెళ్ళి స్కూటర్ తాళం లాగేసుకున్నాడు.

"ఏం నాయనా, నా ఉద్యోగానికి ఎసరు పెడదామనా? పద స్టేషన్‌కి."

"తప్పేనండీ. ఒక్క నిమిషం ఆగండి," అన్నాడతను. చూపు మాత్రం కెమెరా మీదే ఉంది.

పక్కన ఆటో డ్రైవర్ కిసుక్కున నవ్వాడు. కుర్రాడు ఆ గొంతు మీద మనసు పడ్డట్టున్నాడు, పోనివ్వండి సార్ అని సలహా కూడా పడేశాడు. దాంతో కానిస్టేబుల్‌కి ఇంకా ఒళ్ళు మండింది. పెళ్ళయిందా అని నిలదీశాడు. అయిందన్నాడతను.

"అయ్యుండీ ఇవేం పనులయ్యా? మీ ఆవిడకి తెలిస్తే ఏమంటుంది?"

అతని మొహం చిన్నబోయింది. "ఏదో ఒకటి అంటే బాగుణ్ణండీ," అని గొణిగాడు.

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. కానిస్టేబుల్ స్కూటర్ని పక్కకి నెట్టుకుపోతుంటే మైకు గరగరలాడింది.

"కానిస్టేబుల్ గారూ, ఆయన్ని వదిలెయ్యండి. రేపట్నుంచి గీత దాటరు."

కూడలి కూడలంతా తలెత్తి చూసింది. ఈసారి గొంతు బాగా మెత్తబడింది.

"ఆయన మా ఆయనే. ఇవాళ్టి నుంచి ఇంట్లోనే మాట్లాడతానని చెప్పండి."