ఎగస్పార్టీ నాన్న

నిన్న ఇక్కడ అమెరికాలో, మా ట్రాయ్ ఊళ్ళో, వామపక్ష సంఘం మీటింగులో, నా ఒక్క ఓటుతో మా అమ్మాయి చంద్రిక ఓడిపోయింది. నా సంతోషం ఏమని చెప్పను!

ఉద్యోగం పోయిన నాలుగు నెలల నుంచీ దాని నోట మాట లేదు. తిన్నావామ్మా అంటే ఊఁ, పడుకున్నావామ్మా అంటే ఊఁ. ఒకప్పుడు మైకు పడితే వదలని పిల్ల, నిన్న కూడా మూల కుర్చీలో మౌనంగానే కూర్చుంది.

ఉక్రెయిన్‌కి ఆయుధాలు పంపమనాలా, వద్దనాలా అన్నది తగాదా. అందరూ ఎర్రజెండా వాళ్ళే, అయినా సగం మందికి సగం మందితో మాటల్లేవు. చేతులెత్తమన్నారు. వద్దన్నవాళ్ళు పదకొండు మంది, అందులో మా అమ్మాయి ఒకతె. పంపమన్నవాళ్ళూ పదకొండే. అప్పుడు నేను లేచి పన్నెండో చెయ్యి ఎత్తాను. నాకూ మెంబర్‌షిప్ ఉందిలెండి, అమ్మాయే ఇప్పించింది.

"నాన్నా! మతిపోయిందా నీకు? వార్‌ని సపోర్ట్ చేస్తావా?"

"చేస్తాను. కొట్టేవాడి ముందు వట్టి చేతులతో నిలబడమంటావా?"

"ఆయుధాలు అమ్ముకునేవాడు తప్ప ఎవడూ బాగుపడడు! కారెక్కు, చెప్తాను!"

కారులో చెప్పింది. ఇంటికొచ్చి గరిట ఊపుతూ చెప్పింది. పప్పు మాడింది, అయినా చెప్పింది. నా తల్లే! ఎంత కమ్మగా తిట్టిందో!

ఈ పొద్దున లేస్తూనే, "సాయంత్రం మళ్ళీ కూర్చుందాం, నీ పాయింట్లు రెడీ చేసుకో" అని వార్నింగ్ ఇచ్చింది.

నా దగ్గర పాయింట్లెక్కడివి? ఉన్న ఒక్కటీ నిన్ననే వాడేశాను. అసలు మొదటి నుంచీ నాదీ అమ్మాయి మాటే. అందుకే అవతలి పక్షంలో ఉన్న తెలుగబ్బాయి కౌశిక్‌కి ఫోన్ చేసి, అతను చెబుతుంటే ఒక్కొక్కటీ రాసుకుంటున్నాను.